అమైలాయిడ్ బీటా 1-42 పెప్టైడ్, 1 మి.గ్రా. వయల్: వాడి చూస్తే

అల్జీమర్స్ అణుకారణాలపై పీహెచ్‌డీ చేసేవాళ్లకు దాదాపు తప్పని సరుకిది: ఆ జబ్బులో మెదడులో ముద్దకట్టే చిన్న ప్రోటీన్ ముక్క. హెచ్‌ఎఫ్‌ఐపీతో (ముద్దలను విడగొట్టే ద్రావణి) ముందే శుద్ధి చేసిన రకం ఖరీదెక్కువ. అయినా అదే తీసుకోండి. మామూలు పొడిలో అప్పటికే కట్టిన ముద్దలు విత్తనాల్లా పనిచేసి, థయోఫ్లావిన్-టి (ముద్దలకు అంటుకుని మెరిసే రంగు) గ్రాఫులో మొదట కనిపించాల్సిన ఆలస్య దశను, అంటే ముద్దలు పెరగడానికి ముందుండే విరామాన్ని, మింగేస్తాయి.

వయల్ అడుగున ఉండేది పల్చటి పొర, ఒక్కోసారి కంటికి ఆనదు. ఖాళీ సీసా పంపారని గొడవపడకండి! ఫ్రీజర్లోంచి తీయగానే మూత విప్పితే తేమ పడుతుంది, కాబట్టి గది వేడికి వచ్చాకే విప్పాలి.

అణుభారం సుమారు 4,514. అంటే 1 మి.గ్రా.కి 44 మైక్రోలీటర్ల డీఎంఎస్‌ఓ (పెప్టైడ్‌ను కరిగించే ద్రావణి) పోస్తే 5 మిల్లీమోలార్ గాఢత గల ద్రావణం. డీఎంఎస్‌ఓ కొత్త సీసాలోది, నీరు లేనిదీ కావాలి. 10 నిమిషాలు సోనికేటర్ (శబ్ద తరంగాలతో కదిపే పరికరం) నీళ్లలో ఉంచి, చల్లటి ఎఫ్-12 మీడియాతో (కణాలను పెంచే పోషక ద్రవం) 50 రెట్లు పలచన చేసి, 4 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచితే ఒలిగోమర్లు (కొన్ని పెప్టైడ్‌లు కలిసిన చిన్న గుంపులు) వస్తాయి. ఫైబ్రిల్స్ (పొడవాటి పోగులు) కావాలంటే మీడియా బదులు 10 మిల్లీమోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, 37 డిగ్రీలు.

అసలు చిరాకు లేబుల్‌తోనే. 95 శాతం స్వచ్ఛత అన్నది హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాలను వేరుచేసి కొలిచే పద్ధతి) లెక్క. లవణం, తేమ పోగా మిగిలే పెప్టైడ్ ఎంతో బ్యాచ్ పత్రంలో విడిగా చూడాలి. అది లేని సరుకుతో మోలారిటీ లెక్కలన్నీ తప్పుతాయి. బ్యాచ్ మారితే కణాలపై విషప్రభావమూ మారుతుంది. ఒక ప్రయోగానికి సరిపడా వయల్స్ ఒకే బ్యాచ్‌వి కొనండి, కంట్రోల్‌గా తారుమారు వరుస పెప్టైడ్‌నూ (అవే అమైనో ఆమ్లాలు, క్రమం మాత్రం వేరు) అప్పుడే ఆర్డర్ చేయండి.