ఫరహాబాద్, ఆక్టోపస్, శ్రీశైలం డ్యాం: ఎక్కడ ఆగితే మేలు?

మాది అచ్చంపేట. వానలు మొదలైతే చాలు, హైదరాబాద్ నుంచి చుట్టాలూ స్నేహితులూ ఫోన్ చేసి ఒకే మాట అడుగుతారు: "శ్రీశైలం వెళ్తున్నాం, దారిలో ఒక్కచోటే ఆగే వీలుంది, ఏ వ్యూ పాయింట్ బాగుంటుంది?" మొన్న మా మేనత్త కొడుకూ అదే అడిగాడు. అతనికి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ఎవరడిగినా ముందు నేనొక ప్రశ్న వేస్తాను: ఈరోజు పేపర్లో శ్రీశైలం నీటిమట్టం ఎంతుందో చూశారా? సముద్రమట్టం నుంచి కొలిస్తే పూర్తి మట్టం 885 అడుగులు. ఎండాకాలంలో అది 830 దాకా, ఒక్కో ఏడాది ఇంకా కిందికి దిగుతుంది. యాభై అడుగుల తేడా అంటే ఒక తాటిచెట్టు ఎత్తు. మన దారిలోని మూడు పాయింట్లలో రెండింటి అందం ఆ అంకె మీదే ఆధారపడి ఉంది.

ఆక్టోపస్ వ్యూ పాయింట్ సంగతే చూడండి. కృష్ణ ఇక్కడ నల్లమలను నిలువునా కోసుకుంటూ పారేది. డ్యాం కట్టాక నీరు వెనక్కి ఎగదన్ని, నదిలో కలిసే వాగుల లోయల్లోకి కూడా పాకింది. పైనుంచి చూస్తే ఆక్టోపస్ చేతులు చాపినట్టు కనిపించేవి ఆ వాగులే. అవి నదికన్నా ఎత్తున ఉంటాయి కాబట్టి నీరు తగ్గితే ముందు ఆరిపోయేవీ అవే. ఒకసారి ఏప్రిల్‌లో మా తమ్ముడి పిల్లలను తీసుకెళ్లాను. అడుగున నీరు సన్నగా ఉంది. దానికీ అడవికీ నడుమ కొండల చుట్టూ చెట్టూ చేమా లేని బూడిదరంగు పట్టీ. "ఆక్టోపస్ ఏది అత్తా?" అని చిన్నది అడిగితే చూపించడానికి చేతులు లేవు.

అదే చోటికి అక్టోబరు చివర మళ్లీ వెళ్లాం. పట్టీ లేదు, ఒడ్డు కూడా లేదు. చెట్ల కొమ్మలు నేరుగా నీటిని తాకుతున్నాయి. కొండ చుట్టూ తిరిగిన ప్రతి చేయీ నిండుగా, చివరిదాకా కనిపించింది. దూరాన ఒక మరపడవ వెళ్తే, అది మలుపు తిరిగి కనుమరుగైన తరువాత కూడా అది గీసిన గీత నీటి మీద అలాగే ఉంది. ఇద్దరు పిల్లలూ ఆ గీత చెరిగేదాకా కదల్లేదు. ఆగస్టులో నీరు ఉన్నా మబ్బులు లోయలోకి దిగి చూపుకు అడ్డుపడతాయి. నీరు నిండి, ఆకాశం తేరుకునే అక్టోబరు, నవంబరు నెలలే దీనికి తగినవి.

డ్యాం దగ్గర లెక్క వేరు. అక్కడ మట్టంతో పాటు గేట్లు ఎత్తారా లేదా అన్నదే ముఖ్యం. 145 మీటర్ల ఎత్తు, 12 గేట్లు. అవి ఎత్తిన రోజు ఘాట్ రోడ్డు మలుపు దగ్గర నిలబడితే ముందు చప్పుడు ఛాతీకి తగులుతుంది, తరువాత కళ్లద్దాల మీద సన్నటి తుంపర పడుతుంది. జీవితంలో ఒక్కసారైనా చూడాల్సిందే. కానీ ఆ రోజు సగం రాష్ట్రం అక్కడే ఉంటుంది. పిల్లల చెయ్యి వదలకండి. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవిదారి మూసేస్తారు కాబట్టి, అడవి మొదట్లోని మన్ననూర్ చెక్‌పోస్టు దాటే సమయం ముందే లెక్క వేసుకోండి. గేట్లు దించి ఉంటే మాత్రం పది నిమిషాలు చాలు.

ఫరహాబాద్‌కు కృష్ణ నీటితో పనిలేదు. ఉర్దూలో ఫరహ్ అంటే సంతోషం. నిజాముల కాలంలో వేటకు వచ్చిన చోటు అది. పీఠభూమి అంచున నిలబడితే కింద మైదానం, పొలాలు, చెరువులు పరుచుకుని ఉంటాయి. లోయను కాదు, మన ఊళ్లనే పైనుంచి చూస్తాం. అటవీశాఖ వాహనంలోనే లోపలికి వెళ్లాలి కాబట్టి తీరిక కావాలి. వాన కురిసి వెలిసిన మరునాటి ఉదయం వెళ్తే దీనికి తిరుగులేదు. ఎండాకాలంలో దుమ్ముపొర కమ్మి ఏమీ కనిపించదు.

ఉమామహేశ్వరం అచ్చంపేట నుంచి దగ్గరే. దర్శనమూ చూపూ రెండూ కలిసివస్తాయి. కృష్ణ ఒడ్డునున్న సోమశిల ఈ దారిలో లేదు, కొల్లాపూర్ వైపు వేరే ప్రయాణం. మా అత్తగారి పుట్టినూరు ఆ వైపే శ్రీశైలం నీటి కింద ఉంది. ఆమెకు మాత్రం అక్కడి రేవు తరువాతే ఇంకేదైనా.

ఒక్క మాట: ఏ పాయింట్ దగ్గరైనా కోతులకు చిప్స్ వేయకండి. వాటి కోసమే రోడ్డు మీదికి వచ్చి బండ్ల కింద పడుతున్నాయి.

మా మేనత్త కొడుకు అడిగిన రోజు పేపర్లో 881 అడుగులు ఉంది, గేట్లు ఎత్తలేదు. ఆక్టోపస్ దగ్గర ఆగమన్నాను.