శాఖా కార్యాలయపు నెట్‌వర్క్ నెమ్మదిపై వైర్‌షార్క్: వాడి చూశాక

శాఖా కార్యాలయంలో 100 ఎంబీపీఎస్ లైను ఉన్నా, ప్రధాన కార్యాలయపు సర్వర్ నుంచి ఫైలు కాపీ చేస్తే వేగం 5 ఎంబీపీఎస్ దాటేది కాదు. లైను పెంచుకోమన్న సలహాను పక్కనపెట్టి, నెట్‌వర్క్‌లో సాగే డేటా ముక్కలను (ప్యాకెట్లను) పట్టి చూపే, ఉచితంగా దొరికే వైర్‌షార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో రెండు చివర్లా ఒకేసారి వాటిని పట్టి చూశాం. శాఖ నుంచి బయలుదేరిన, కనెక్షన్‌ను మొదలుపెట్టే సిన్ ప్యాకెట్‌లో ఉన్న విండో స్కేలింగ్ ఆప్షన్ (టీసీపీ విండోను, అంటే అందినట్టు జవాబు వచ్చేలోగా పంపగల డేటా పరిమితిని పెంచే ఏర్పాటు), సర్వర్‌కు చేరేసరికి మాయమైంది: మధ్యలోని పాత ఫైర్‌వాల్ (నెట్‌వర్క్ రక్షణ పరికరం) దాన్ని తొలగిస్తోంది. అది లేనప్పుడు టీసీపీ విండో 64 కేబీ దాటదు కనుక, డేటా వెళ్లి జవాబు రావడానికి (రౌండ్ ట్రిప్) 100 మిల్లీసెకన్లు పట్టేచోట ఎంత పెద్ద లైనైనా ఒక్కో కనెక్షన్‌కు 5 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతుంది. అనేక కనెక్షన్లు తెరిచే స్పీడ్ టెస్టు మాత్రం అంతా సవ్యమనే చూపింది (మేమూ మొదట దాన్నే నమ్మాం). వైర్‌షార్క్‌లో కావలసిన ప్యాకెట్లను వడకట్టే ఫిల్టర్లు నేర్చుకోవడానికి ఓపిక కావాలి. పట్టిన ప్యాకెట్లను దాచిన పెద్ద క్యాప్చర్ ఫైలు తెరిస్తే మెమరీని మింగేస్తుంది.