ఇరవై ఇళ్ల బియ్యం, ఒక్క ఎసరు: ఆసుపత్రి వీధిలో ధర లేని భోజనం

మార్చి నెలలో మా అమ్మగారికి తుంటి ఎముక విరిగి, నరసాపురం ప్రాంతంలోని ఒక ఆసుపత్రిలో పన్నెండు రోజులు ఉండవలసి వచ్చింది. రోగికి జావో ఇడ్లీయో ఆసుపత్రివారే ఇచ్చేవారు గాని, తోడు ఉన్నవారి తిండి సంగతి ఎవరికీ పట్టదు. ఆ పన్నెండు రోజుల్లో పది రోజులు నేను మధ్యాహ్న భోజనం చేసిన చోటు గురించి ఈ సమీక్ష. పేరు మాత్రం రాయడం లేదు. రాయవద్దని నడిపేవారే కోరారు. పేరు లేని సమీక్ష ఎవరికి పనికివస్తుందని అడగవచ్చు. ఆ వీధిలో కొబ్బరిబొండాల బండి దగ్గర నిలబడి భోజనం ఎక్కడ దొరుకుతుందని అడిగితే, "పిడికెడు బియ్యం హోటలాండీ?" అని చేయి చూపిస్తారు. అది హోటలు కాదు, కాని ఆ పేరు స్థిరపడిపోయింది.

చుట్టుపక్కల మూడు క్రైస్తవ సంఘాల స్త్రీల సమాజాలవారు కలిసి, ఒక పాత రేకుల షెడ్డులో, ఆదివారం తప్ప మిగిలిన ఆరు రోజులూ పన్నెండు నుంచి రెండు గంటల వరకు రోగుల తోడువారికి అన్నం పెడతారు. టోకెన్ లేదు, ధర లేదు, మీరు ఏ మతంవారన్న ప్రశ్న లేదు. ఒక విడతకు నలభై మంది కూర్చుంటారు. రెండో విడతవారు పావుగంట నిలబడాలి. అన్నం, పప్పుచారు, ఒక కూర, మజ్జిగ ఉంటాయి. శనివారం కూరకు బదులు గోంగూర పచ్చడి. దొండకాయ వేపుడుకు నూనె చాలదు. ఆనపకాయ పులుసు ఫరవాలేదు. ములక్కాడలు వేసిన పప్పుచారు మాత్రం నేను మా ఇంట్లో తిన్నదానికంటే బాగుంది; ఈ వాక్యం అమ్మ కంటబడదన్న ధైర్యంతో రాస్తున్నాను.

చిక్కంతా అన్నం దగ్గరే. మొదటిరోజు ఒకే ముద్దలో కొన్ని మెతుకులు మెత్తగా చిదికిపోయి, కొన్ని పలుకు మిగిలి ఉండడం చూసి వంటవారికి చేత కాదని తీర్మానించుకొన్నాను. మూడో రోజు వంటింటి గుమ్మం దగ్గర నిలబడినప్పుడు గాని కారణం తెలియలేదు. అక్కడ ఒక నీలం రంగు డ్రమ్ము ఉంది. అందులో స్వర్ణ, సాంబ మసూరి, కాటన్ దొర సన్నాలు, సంక్రాంతి ముందు మర పట్టించిన కొత్త బియ్యం, ఏడాది నిలవ ఉన్న పాత బియ్యం అన్నీ కలిసి ఉన్నాయి. స్వర్ణ 1982లో ఇక్కడికి దగ్గర్లోని మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన వంగడమే. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన దొర పేరు పెట్టుకొన్న సన్నాలూ అక్కడివే. కొత్త బియ్యం తొందరగా ముద్దవుతుంది, పాత బియ్యం ఎక్కువ నీళ్లు అడుగుతుంది. ఈ రెంటినీ ఒకే ఎసట్లో పోసి సమంగా ఉడికించడం ఎంతటి చేయి తిరిగిన వంటమనిషికైనా సాధ్యం కాదు.

ఆ బియ్యం వచ్చే దారి తెలిస్తే ఈ లోపాన్ని లోపమనడానికి నోరు రాదు. మన సంఘాల్లో పిడికెడు బియ్యం పాత ఆచారం. ఆ పూట వంటకు కొలిచి పెట్టుకొన్న బియ్యంలోనుంచి, కడగకముందే, ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో పోస్తుంది. ఆదివారం ఆ డబ్బా గుడికి వస్తుంది. తీసేది బస్తాలోనుంచి కాదు, కొలిచినదానిలోనుంచి అన్నది ఇందులోని కీలకం. బస్తాలోనుంచి తీస్తే ఇంట్లో ఎవరికీ ఏమీ తగ్గదు. కొలిచినదానిలోనుంచి తీస్తే ఆ పూట ఎవరికో ఒకరికి ఒక ముద్ద తగ్గుతుంది, ఆ ఒకరు సాధారణంగా తీసిన మనిషే అవుతుంది. నేను వెళ్లింది ఈస్టరుకు ముందు నలభై రోజులు ఉపవాసాలుండే శ్రమల కాలం కావడంతో, ఒక పూట ఉపవాసముండి ఆ పూట బియ్యం మొత్తం తెచ్చి ఇచ్చినవారు కూడా ఉన్నారు. ఏడాది పొడవునా డ్రమ్ము నిండుగా ఉండేది ఈ నలభై రోజులే అని చెప్పారు.

ఈ బియ్యాన్నంతా కోతపండుగకు గుడికి తెచ్చే కానుకల్లాగా వేలం వేసి, వచ్చిన డబ్బుతో ఒకే రకం బియ్యం కొంటే అన్నం బాగుంటుంది కదా అని వంట చూసుకొనే పెద్దావిడతో అన్నాను. ఆమె తవ్వతో బియ్యం కొలుస్తూనే, తల ఎత్తకుండా జవాబిచ్చింది.

"అమ్మేస్తే అది మా డబ్బయిపోద్దండి. ఇలాగైతే ఎవరి మెతుకు వారిదేనండి."

వంటకు సంబంధించినంతవరకు ఆమె చెప్పింది తప్పు, ఈ విషయంలో నా అభిప్రాయం మారలేదు. అయితే ఆ డ్రమ్ము దగ్గర నాకు అంతకంటే ఇబ్బందిగా తోచిన సంగతి ఇంకొకటి ఉంది. అందులో మూడో వంతు దాకా రేషన్ బియ్యమే అని నా కంటి అంచనా. రేషన్ బియ్యాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు: నూటికొకటి చొప్పున కలిపిన పోషకాల గింజ మిగిలినవాటికంటే కాస్త తేడాగా కనబడుతుంది, కడిగేటప్పుడు ఒక్కోసారి పైకి తేలుతుంది. మనిషికి నెలకు 5 కిలోల చొప్పున ఉచితంగా వచ్చే ఆ బియ్యాన్ని వండుకోకుండా మంచం కింద పెట్టే ఇళ్లు మన ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి. తినని బియ్యం సంచి తెచ్చి డ్రమ్ములో పోసి కానుక ఇచ్చామనుకోవడం ఎంతవరకు న్యాయం? బైబిలులో సమూయేలు రెండవ గ్రంథం చివరి అధ్యాయంలో దావీదు రాజు బలిపీఠం కట్టడానికి అరౌనా కళ్లానికి వెళ్తే, ఆ ఆసామి కళ్లము, ఎడ్లు, కట్టెలు అన్నీ ఊరికే తీసుకొమ్మంటాడు. తనకు ఖర్చు కానిదాన్ని దేవునికి అర్పించనని చెప్పి, రాజు 50 తులాల వెండి ఇచ్చి కొంటాడు. కళ్లం విలువ తెలిసిన డెల్టావారికి ఈ కథను విడమరచి చెప్పనక్కరలేదు.

ఇదే మాట ఆ పెద్దావిడతో అంటే, ఆమె రెండు వేళ్ల మధ్య నాలుగు గింజలు నలిపి చూపించి, "రేషన్ బియ్యవైనా పిడికెడు పిడికెడేనండి. ఎవరింట్లో అదే వండుకుంటారో మనకెలా తెలుస్తాదండి?" అన్నది. నాకు జవాబు దొరకలేదు. రేషన్ బియ్యమే తిండిగా బ్రతికే విధవరాలి పిడికెడు, మంచం కింది సంచి నుంచి వచ్చిన పిడికెడు డ్రమ్ములో పడిన తర్వాత ఒక్కలాగే ఉంటాయి.

ఇక డబ్బు పెట్టె. ఈ భోజనశాలలో నన్ను ఎక్కువగా ఆకట్టుకొన్నది వంట కాదు, ఆ పెట్టెను పెట్టిన చోటు. గుమ్మంలో పెడితే లోపలికి వచ్చేవాడు తన జేబు తడుముకొంటాడు. బయటికి వెళ్లే దారిలో పెడితే వెనకున్నవాడు చూస్తాడు. వీరు షెడ్డు వెనక, చేతులు కడుక్కొనే కుళాయి పక్కన, బొప్పాయి చెట్టు చాటున ఒక చెక్కపెట్టె మేకులతో బిగించారు. అక్కడికి ఒక్కసారి ఒక్కరే వెళ్తారు. చేయి కడుక్కొన్నాడో, పెట్టెలో వేశాడో, రెండూ చేశాడో ఎవరికీ తెలియదు. దీనివల్ల ఒక నష్టం లేకపోలేదు: తడిచేతులతో వేసిన నోట్లు అంటుకుపోతున్నాయని, శనివారం సాయంత్రం వాటిని విడదీసి చాపమీద ఆరబెడుతున్నామని లెక్క చూసే ఆవిడ ఫిర్యాదు చేసింది.

నేను పెరిగిన సంఘంలో కొత్త గుడి కట్టినప్పుడు ఇచ్చినవారి పేర్లూ మొత్తాలూ మైకులో చదివారు. పాతికవేల తర్వాత మా నాన్నగారి నూటపదహార్లు చదివినప్పుడు వెనక బల్లలో ఎవరో నవ్వారు. ఆయన ఆ డబ్బు కోసం నెల రోజులు టీ మానేశారన్నది మా ఇంట్లోవాళ్లకు మాత్రమే తెలిసిన సంగతి. యెరూషలేము దేవాలయంలో బూర ఆకారపు కానుక పెట్టెలు 13 ఉండేవని యూదుల పాత ధర్మశాస్త్ర సంకలనమైన మిష్నా చెబుతుంది. యేసు మెచ్చుకొన్న బీద విధవరాలు అక్కడ వేసిన రెండు కాసులు ఆనాటి నాణేల్లో అన్నిటికంటే చిన్నవి. పెద్ద నాణేల మోతలో వాటి శబ్దం ఎవరి చెవినా పడి ఉండదు.

పోయిన ఏడాది ఒక యువకుడు ఉత్సాహపడి, ఫోనుతో డబ్బు పంపేవారి కోసం క్యూఆర్ కోడ్ స్టిక్కరూ, దానితోపాటు దుకాణాల్లో ఉండే మాట్లాడే పెట్టె ఒకటీ తెచ్చి కుళాయి దగ్గర పెట్టాడట. మొదటి మధ్యాహ్నమే ఆ పెట్టె "పది రూపాయలు అందాయి" అని షెడ్డంతా వినబడేలా అరిచింది. పది వేసిన మనిషి తల వంచుకొని వెళ్లిపోయాడు, వెనకాలవాడు యాభై వేశాడు. ధర్మం చేసేటప్పుడు నీ ముందర బూర ఊదించవద్దని యేసు కొండమీద చెప్పిన మాటకు ఇంత సూటి ఉదాహరణ నేను ఏ ప్రసంగంలోనూ వినలేదు. స్టిక్కరు ఉంచి, మాట్లాడే పెట్టెను ఆ సాయంత్రమే తీసేశారు.

అడగకపోవడం ఈ ప్రాంతపు క్రైస్తవానికి పాత అలవాటే. ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో దంతవైద్యుడిగా మంచి రాబడి ఉన్న ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ ఆ వృత్తి వదిలి, 1829లో బాగ్దాదు వెళ్లి, 1831లో అక్కడి ప్లేగులో భార్యను పోగొట్టుకొని, ఆ తర్వాత మన దేశానికి వచ్చాడు. ఆయన వెంట 1836లో వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ తమ భార్యలతో కలిసి నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో పని మొదలుపెట్టారు. ఒకరు రాతిపనివాడు, ఒకరు చెప్పులు కుట్టేవాడు. నెలజీతం ఇచ్చే మిషను సంస్థ వెనక లేదు. ఎవరైనా తమంతట తాము పంపితే ఉంటుంది, లేకపోతే లేదు. తర్వాత గోదావరి డెల్టా మిషన్‌గా పేరుపడిన ఈ ధోరణి ప్రభావం ఆ షెడ్డులో ఇప్పటికీ కనబడుతుంది: గోడమీద విరాళాల బోర్డు లేదు, ఫోను నంబరు లేదు.

ఇక్కడే నాకు వారితో పేచీ. నేను తిన్న పది రోజుల్లో రెండు రోజులు కందిపప్పు నిండుకొని, మజ్జిగతోనూ పచ్చడితోనూ సరిపెట్టారు. ఆసుపత్రిలో రాత్రంతా మేలుకొన్న మనిషికి అది చాలదు. "ఈ వారం పప్పు తక్కువగా ఉంది" అని ఒక పలకమీద రాస్తే అది యాచన కాదు, సమాచారం. అపొస్తలుడైన పౌలు స్వయంగా యెరూషలేము బీదల కోసం కొరింథు సంఘంవారిని ఉత్తరం రాసి మరీ అడిగాడు. బలవంతం వద్దన్నాడు గాని, అడగడం మానలేదు. నిర్గమకాండంలో దేవుని ఆరాధన కోసం వేసే ప్రత్యక్ష గుడారానికి కావలసినవి మోషే అడిగాడు, చాలినదానికంటే ఎక్కువ వచ్చిపడుతుంటే ఇక తేవద్దని పాళెమంతా చాటించాడు. ఇదంతా చెబితే వారు నవ్వి ఊరుకొన్నారు. పలక పెట్టలేదు.

మరొక ఫిర్యాదు ఉంది. ఐదో రోజున ఎవరో కుర్రవాడు పంక్తుల మధ్య తిరుగుతూ, తింటున్నవారి ఎడమచేతిలో కరపత్రాలు పెట్టాడు. నా ఎదుట కూర్చున్న రైతు, కొడుకు ఆపరేషన్ గదిలో ఉండగా వచ్చి కూర్చున్నవాడు, ఆ కాగితాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక తొడకింద పెట్టుకొన్నాడు. అన్నానికి డబ్బు తీసుకోకుండా చెవి తీసుకొంటే అదీ ధరే అవుతుంది. నేను క్రైస్తవుణ్ణి కనుక ఈ మాట గట్టిగానే చెప్పాను. మర్నాటి నుంచి ఆ కుర్రవాడు కనబడలేదు. వంటవారు మాత్రం పొయ్యి వెలిగించకముందే తలుపు వేసుకొని ప్రార్థన చేసుకొంటారు, పంక్తిలో చేయరు.

పనిచేసే స్త్రీలలో ఒకామె రొయ్యల షెడ్డులో తలలు తీసే కూలి. ప్రతి బుధవారం ఆ కూలి మానుకొని ఇక్కడ అంట్లు తోముతుంది. ఉప్పునీటికీ ఐసుకూ పగిలిన వేళ్లకు పసుపు రాసుకొని ఉంది. ఇంకొకామె పప్పు ఉడికేలోగా గుమ్మంలో కూర్చొని లేసు అల్లుతుంది. ఇదీ కానుకే కదా అంటే, కానుక ఆదివారం వేరే ఇస్తామండీ అని ఇద్దరూ ఒకేలా జవాబు చెప్పారు.

వెళ్లేవారికి రెండు మాటలు. తాగేనీళ్లు మీవే తీసుకెళ్లండి. అక్కడి కుళాయి నీళ్లు ఉప్పగా ఉంటాయి. క్యారేజీ ఇవ్వరు, రోగి కోసమైతే గంజి మాత్రం గ్లాసుతో ఇస్తారు. మోకాళ్ల నొప్పులున్నవారికి గోడపక్క బల్ల నయం, మిగిలినవి మరీ కురచ. పన్నెండున్నరకు ముందే వెళ్తే ములక్కాడ ముక్కలు దొరుకుతాయి.

అమ్మను ఇంటికి పంపించేసిన రోజు మధ్యాహ్నం, ఊరికే తిన్న పది భోజనాలకు ఏదో ఒకటి ఇవ్వాలని మా ఇంటి నుంచి ఒక పదికిలోల సంచి తెప్పించి ఆ పెద్దావిడ ముందు పెట్టాను. సోనామసూరి తప్ప మరొకటి వండని ఇల్లు మాది. సంచి మంచం కిందిది. ఆమె మూతి విప్పి, నాలుగు గింజలు వేళ్ల మధ్య నలిపి, ఒక్క క్షణం అలాగే ఉండి, ఏమీ అనకుండా డ్రమ్ములో పోసింది. ఖాళీ సంచి దులిపి, మడతపెట్టి నా చేతికిచ్చింది.