అనంతపురంలో ఇంజనీరక్క గానుగ: రెండేళ్లుగా నూనె కొంటున్నవాడి మాట

అనంతపురంలో మంచి గానుగ నూనె ఎక్కడ దొరుకుతుంది అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు, ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. కోర్టు రోడ్డు నుంచి లోపలికి పోయే ఒక సందులో ఉంది. బోర్డు మీద వేరే పేరుంది కానీ ఆ పేరుతో అడిగితే ఎవరూ చెప్పలేరు, 'ఇంజనీరక్క గానుగ' అంటే చాలు, ఆటో అన్న నేరుగా తీసుకెళ్లి దించుతాడు.

అక్కది మా కాలేజీయే, జేఎన్టీయూ. మెకానికల్, నాకు మూడేళ్లు సీనియర్. 1946లో మొదలైన కాలేజీ అది. అక్క వాళ్లు 2005లో చేరినప్పుడు హైదరాబాద్ జేఎన్టీయూ కింద ఉండేది, 2008లో అనంతపురానికే వేరే యూనివర్సిటీ అయింది, ఆ మరుసటి ఏడు వాళ్ల బ్యాచ్ బయటికొచ్చింది. 2009లో బయటికొచ్చిన వాళ్లకి బాగా గుర్తుంటుంది, అమెరికాలో మాంద్యం వచ్చి చేతిలో ఆఫర్ లెటర్ ఉన్నా జాయినింగ్ డేట్ మాత్రం రాదు, ఇంట్లో వాళ్లకి ఏం చెప్పాలో తెలియదు. అక్క కూడా ఎనిమిది నెలలు అలా ఇంట్లోనే కూర్చుంది. తర్వాత బెంగళూరులో పంపులు తయారుచేసే కంపెనీలో చేరి, పన్నెండేళ్లలో డిజైన్ టీమ్ మొత్తానికి హెడ్ అయింది. 2022లో అది వదిలేసి వచ్చి ఈ గానుగ పెట్టింది.

నిజం చెప్పాలంటే మొదటిసారి నేను నూనె కోసం పోలేదు. మన కాలేజీ అక్క షాపు పెట్టింది కదా, చూసొద్దాం, ఒక లీటరు కొనొద్దాం అని పోయాను. అప్పటికే గానుగ నూనె అంటే నాకు నమ్మకం పోయింది. అంతకు ముందు ఏడాది వేరే షాపులో 'ఒరిజినల్ గానుగ' అని లీటరు 190 చొప్పున ఐదు లీటర్ల క్యాన్ తెచ్చాను. డిసెంబర్‌లో ఒకరోజు పొద్దున చూస్తే అడుగున నెయ్యి పేరుకున్నట్టు తెల్లగా గడ్డ కట్టింది. మన ఊరి చలికి చెనక్కాయ (వేరుశనగ) నూనె అలా గడ్డ కట్టదు, పామాయిల్ కలిస్తేనే అవుతుంది. వంటకి వాడడానికి మనసొప్పక అమ్మ ఆ నూనె మొత్తం దీపాలకి వాడేసింది.

అక్క షాపులో నాకు మొదట నచ్చింది ఒక నల్ల పలక. కౌంటర్ పక్కన గోడకి ఉంటుంది, దాని మీద సుద్దముక్కతో ఆ రోజు లెక్క రాస్తారు. రెండు వారాల కిందట నేను పోయినప్పుడు ఇలా ఉంది: చెనక్కాయ విత్తనాలు 20 కిలోలు, కిలో 130 చొప్పున 2,600. వచ్చిన నూనె 8 లీటర్లు. నూనె పిండాక మిగిలిన చెక్క 12 కిలోలు, కిలో 40 చొప్పున 480. అంటే 2,600లోంచి చెక్క డబ్బులు తీసేస్తే 2,120, దాన్ని ఎనిమిదితో భాగిస్తే లీటరుకి 265 రూపాయలు. ఇది ఒక్క విత్తనాల ఖర్చే. కరెంటు, ఇద్దరు మనుషుల కూలి, అద్దె, టిన్ను అన్నీ కలుపుకొని అక్క లీటరు 330కి అమ్ముతుంది. ఎవరైనా కట్టె గానుగ నూనె 190కి ఇస్తామంటే ఇంక మీరే లెక్క వేసుకోండి. నాకు ఈ లెక్క అంతకు ముందు ఎవరూ చెప్పలేదు, చెప్పి ఉంటే ఆ క్యాన్ కొనేవాణ్ని కాదు.

గింజలో దాదాపు సగం నూనే ఉంటుంది, కానీ కట్టె గానుగ అంతా పిండలేదు, కొంత చెక్కలో మిగిలిపోతుంది. పెద్ద ఫ్యాక్టరీల్లో ఆ మిగిలినది హెక్సేన్ అనే ద్రావకంతో లాగేస్తారు, తర్వాత రంగు, వాసన పోయేలా రిఫైన్ చేస్తారు. అందుకే వాళ్లకి గిట్టుబాటు అవుతుంది, మనకి ప్యాకెట్ నూనెలో ఏ వాసనా ఉండదు. ఇక్కడ గానుగ షాపు మధ్యలోనే ఉంది, అద్దాల వెనక దాచలేదు, కుర్చీ వేసుకొని చూడొచ్చు. దిరిసెన కట్టెతో చేసిన రోకలి నిమిషానికి పదిహేను చుట్లు కూడా తిరగదేమో అన్నంత మెల్లగా తిరుగుతుంది. మొదటి పావుగంట పొడి, తర్వాత ముద్ద, మధ్యలో అక్క చేత్తో కొంచెం నీళ్లు చిలకరిస్తుంది, అప్పుడు ముద్ద ఒక పక్కకి తిరిగి నూనె ఊరడం మొదలవుతుంది. ఆ వాసన వీధి మొదటి దాకా వస్తుంది. స్పీడు పెంచితే ఇంకో రెండు వాయిలు ఎక్కువ వస్తాయి కదా అని అడిగాను. ముద్దలో వేలు పెట్టి చూడమంది. గోరువెచ్చగా ఉంది. "ఇంతకంటే వేడెక్కితే వాసన మారుతుంది తమ్ముడూ, గేర్‌బాక్స్ నేనే మార్పించాను, కొన్నప్పుడు దీనికి రెట్టింపు తిరిగేది" అంది. పన్నెండేళ్లు పంపుల మీద పని చేసిన మనిషి చెయ్యి నాకు అక్కడ కనిపించింది.

సొంత విత్తనాలు తెచ్చుకుంటే ఆడించి ఇస్తారు, కిలోకి 12 రూపాయలు, చెక్క మనదే. మాకు ఉరవకొండ వైపు కొంచెం మెట్ట ఉంది, నాన్న ఎప్పుడూ కె-6 చెనక్కాయ వేస్తాడు, కదిరి పరిశోధన కేంద్రం వాళ్లు 2002లో ఇచ్చిన రకం. పోయిన ఏడాది కోతల టైములో వాన పడి బుడ్డలు కుప్పల్లోనే తడిశాయి. ఎండబెట్టి, ఒలిపించి 20 కిలోల విత్తనాలు తీసుకొని నాన్న, నేను పోయాం. అక్క సంచిలో చెయ్యి పెట్టి రెండు గుప్పిళ్లు తీసి తెల్లటి పళ్లెంలో పోసింది. ఒక్కో గింజా వేలితో జరుపుతూ నాలుగు పక్కన పెట్టింది. పైకి బాగానే ఉన్నాయి. ఒకటి రెండుగా చీల్చి చూపించింది, లోపల పప్పుల మధ్య పచ్చగా బూజు.

"చిన్నాయనా, ఇవి ఏరకుండా నేను ఆడించలేను" అంది.

నాన్నకి కోపం వచ్చింది. "ఏం పాపా, నలభై ఏండ్లుగా పండిస్తున్నాం, నాలుగు గింజలకి ఏమవుతుంది" అన్నాడు. అక్క గొంతు పెంచలేదు, కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి చెప్పింది. ఆ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుందంట, కాలేయానికి చాలా చెడు, వంట వేడికి పోదు. రిఫైన్ చేసినప్పుడు చాలావరకు పోతుంది కానీ గానుగ నూనెలో అలాగే ఉండిపోతుంది, కాబట్టి గానుగ నూనె మంచిది అని చెప్పుకునేవాళ్లు గింజ దగ్గరే జాగ్రత్త పడాలి అంది. నేను ఇంజనీరింగ్ చదివాను, చెనక్కాయల ఇంట్లో పుట్టాను, ఈ మాట నాకు ముప్పై దాటాక ఒక నూనె షాపులో తెలిసింది. ఆ రోజు ఆడించుకోకుండానే వెనక్కి వచ్చాం. ఇంట్లో అమ్మ, నాన్న, నేను మూడు సాయంత్రాలు కూర్చొని ఏరితే ముప్పావు కిలో దాకా తీసేయాల్సి వచ్చింది. మళ్లీ పోతే ఏడున్నర లీటర్లు వచ్చాయి. ఏరి పడేసిన గింజలు పశువులకి కూడా వేయొద్దని అక్క మరీ మరీ చెప్పింది.

ఇక నూనె సంగతి. మొదటిసారి వాడేవాళ్లు కొన్ని విషయాలు గుర్తు పెట్టుకోండి. బజ్జీలు వేస్తే మొదటి వాయికి నురగ వస్తుంది, కల్తీ అని భయపడొద్దు, మంట తగ్గించి నిదానంగా కాగనిస్తే సర్దుకుంటుంది. ప్యాకెట్ నూనె కంటే తొందరగా పొగ వస్తుంది కాబట్టి మంట పెద్దది పెట్టి వదిలేయకూడదు. అడుగున కొంచెం మడ్డి ఉంటుంది, పైన తేట వంచుకుంటే చాలు. రుచి మాత్రం ఉగ్గాణిలో చూడాలి. తడిపి పిండిన బొరుగుల మీద ఈ నూనెతో పెట్టిన తిరగమోత పడగానే, పైన పుట్నాల పొడి చల్లేలోపే, మా అత్త కూతురు వంటింట్లోకి వచ్చి "ఏం నూనె ఇది" అని అడిగింది. ఊరుబిండి పచ్చడిలో పచ్చి నూనె ఒక చెంచా వేసుకొని సంగటితో తినండి, ఇంతకంటే ఎక్కువ నేను చెప్పలేను. ఖర్చు ఎక్కువ అనేవాళ్లకి ఒక మాట, మా ఇంట్లో నెలకి నాలుగు లీటర్లు అయ్యేది ఇప్పుడు మూడు లోపే అవుతోంది, తిరగమోతకి తక్కువ వేసినా వాసన సరిపోతోంది.

నువ్వుల నూనె కూడా బాగుంటుంది, ఆవకాయకి అదే తీసుకుంటాం. కుసుమ నూనె అన్ని రోజులూ ఉండదు. కొబ్బరి నూనె మాత్రం నేను తీసుకోను, ఎండు కొబ్బరి కర్ణాటకలోని తిపటూరు నుంచి తెప్పిస్తారు, ఆ రేటుకి నాకు పెద్ద తేడా కనిపించలేదు. ఒక అరలో ఇక్కడి ఎస్కే (శ్రీకృష్ణదేవరాయ) యూనివర్సిటీలో చదివిన ఇద్దరు కుర్రాళ్లు చేసే కొర్ర బిస్కెట్లు పెట్టారు. వాళ్లు ఎదగాలని నాకు మనస్ఫూర్తిగా ఉంది, కానీ బిస్కెట్లు గొంతులో పట్టుకుంటున్నాయి, బెల్లం తగ్గించి కొంచెం నెయ్యి పెంచితే బాగుంటాయి. ఈ మాట వాళ్లకే చెప్పాను, రాసుకున్నారు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. కరెంటు పోతే పని ఆగిపోతుంది, జనరేటర్ లేదు, ఒకసారి నేను రెండు గంటలు కూర్చొని ఖాళీ టిన్నుతో తిరిగొచ్చాను. ఉగాది ముందు వారం, మామిడికాయల సీజన్‌లో ఫోన్ ఎత్తరు. సందు ఇరుకు, కారు పోదు. మొదట్లో ఇచ్చిన టిన్ను మూతలు సరిగ్గా బిగుసుకోవు, కళ్యాణదుర్గం బస్సులో మా పిన్ని చీర మొత్తం నూనె అయింది. చెప్పాక మూతలు మార్చారు, ఆ టిన్నుకి డబ్బులు కూడా తిరిగిచ్చారు, కానీ అది ముందే చూసుకోవాల్సిన విషయం.

మా బ్యాచ్ వాళ్లం కలిసినప్పుడు ఎవరు ఎక్కడ సెటిలయ్యారు, ఎవరి ప్యాకేజీ ఎంత, 2019లో పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ మొదలయ్యాక ఎవరెవరు అందులో చేరారు, ఇవే మాట్లాడుకుంటాం. అవి తప్పేమీ కాదు, కష్టపడి సంపాదించుకున్నవి. అక్క గురించి వచ్చినప్పుడు మాత్రం 'పాపం, అంత ఉద్యోగం వదిలేసింది' అని ఎవరో ఒకరు అంటారు, నాకు అది గుచ్చుకుంటుంది. బెంగళూరులో ఆమె గీసిన పంపు ఎవరి తోటలో నడుస్తోందో మాకు తెలియదు. ఇక్కడ నూనె ఆడించడానికి వచ్చే రైతులు ఇప్పుడు గింజ చీల్చి చూసి తెస్తున్నారు. సీనియర్ కదా అని మొహమాటానికి మాత్రం ఎవరూ పోవాల్సిన పని లేదు, ఒక్క లీటరు తెచ్చుకొని ఉగ్గాణి చేసుకొని చూడండి, నచ్చకపోతే మానేయండి.

పోయేవాళ్లు పొద్దున పది లోపు పోండి, మొదటి వాయి కళ్ల ముందే తీయించుకోవచ్చు. సొంత టిన్ను తీసుకెళ్తే లోపల ఒక్క చుక్క తడి లేకుండా చూసుకోండి, తడి ఉంటే అక్క నూనె పోయదు. ఆదివారం సెలవు. మేము వచ్చే సోమవారానికి పేరు రాయించుకున్నాం, ఈసారి 40 కిలోలు. నాన్న నిన్నటి నుంచి వసారాలో తెల్ల పళ్లెం ముందు పెట్టుకొని ఏరుతూనే ఉన్నాడు, ఎవరినీ చెయ్యి పెట్టనివ్వడం లేదు.