నీలి మంట మీద నడిచే ఫ్రిజ్: ఆరేళ్ల వాడకం తర్వాత

అమెరికాలోని ఓహాయో రాష్ట్రం హోమ్స్ కౌంటీలో మేము కొన్న ఇల్లు ఒక ఆమిష్ కుటుంబానిది. మత నియమాల ప్రకారం కరెంటు లైన్లకు దూరంగా ఉండే క్రైస్తవులు ఆమిష్‌లు. గోడల్లో ఒక్క కరెంటు తీగ కూడా లేదు. వైరింగు పూర్తయ్యేదాకా సర్దుకుందామని, వాళ్లు వదిలివెళ్లిన, ప్రొపేన్ గ్యాసుతో నడిచే ఫ్రిజ్‌నే వాడటం మొదలుపెట్టాం. తర్వాత ఇంటికి కరెంటు వచ్చింది, ఫ్రిజ్ మాత్రం మార్చలేదు.

గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ మొదటి రోజే నేలమీద కూర్చుని దాని అడుగున వెలిగే మంటను చాలాసేపు చూసింది. "నిప్పు పెడితే చల్లబడటమేమిటే?" అంది. వేలెడంత నీలి మంట అది. ఆ వేడికి నీళ్లలో కలిసున్న అమోనియా ఆవిరై పైకి వెళ్తుంది, చల్లారి ద్రవమవుతుంది, హైడ్రోజన్ నిండిన గొట్టంలో మళ్లీ ఆవిరవుతూ ఫ్రిజ్ లోపలి వేడిని లాగేసుకుంటుంది. చివరికి నీళ్లలో కలిసి మొదటికొస్తుంది. మోటారు లేదు కాబట్టి చప్పుడూ లేదు. 1922లో స్వీడన్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థులు, ప్లాటెన్, మూంటర్స్, కనిపెట్టిన పద్ధతి ఇది. మాకు 100 పౌండ్ల సిలిండర్ సుమారు రెండు నెలలు వస్తోంది.

లోపాలూ చెప్పాలి. జులై ఎండల్లో తలుపు పదే పదే తీస్తే చల్లదనం తిరిగి రావడానికి పూట పడుతుంది. వేడి గిన్నె పెట్టారా, పక్కనున్న పాలు విరుగుతాయి. రెండో ఏడు ఉన్నట్టుండి చల్లబడటం మానేసింది. మంట బాగానే ఉంది, గ్యాసూ ఉంది. మేస్త్రీలు వాడే రసమట్టం పెట్టి చూస్తే నేల ఒక మూల కుంగింది. గొట్టాల్లో ద్రవం తన బరువుతోనే కిందికి జారాలి కాబట్టి ఫ్రిజ్ ఒరిగితే పని ఆగుతుంది. కింద చెక్కముక్క పెట్టాక మర్నాటికి మళ్లీ చల్లబడింది.

మంట పసుపు రంగుకు తిరిగితే మసి పట్టినట్టే, వెంటనే ఆపి శుభ్రం చేయించాలి. గదిలో విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే అలారం లేకుండా దీన్ని వెలిగించవద్దు. 1957కు ముందు తయారైన పాత గ్యాసు ఫ్రిజ్‌ల వల్ల ఇక్కడ ప్రాణాలు పోయాయి. చవకగా వస్తోందని అలాంటిది కొనకండి.

అయితే ఆమిష్ వంటింటిని నడిపేది ఫ్రిజ్ ఒక్కటే అనుకోవడం పొరపాటు. అది తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. అసలు పని నేలమాళిగది. జులైలో కూడా మా థర్మామీటరు అక్కడ 16 డిగ్రీలు దాటలేదు. క్యారెట్లు తడి ఇసుకలో, బంగాళాదుంపలు చీకట్లో చెక్కపెట్టెల్లో, ఆపిల్స్ వాటికి దూరంగా. ఆపిల్స్ వదిలే ఎథిలీన్ వాయువు తగిలితే క్యారెట్లు చేదెక్కుతాయి. మా దోసెల పిండి కుండా అక్కడే. రెండో రోజుకు కూడా పులుపు హద్దులోనే ఉంటుంది.

సీసాల్లో నిల్వ పెట్టడం పక్కింటి పెద్దావిడ నేర్పారు. ఎముక లేని కోడిమాంసం క్వార్టు (దాదాపు లీటరు) సీసాల్లో నింపి, సీసాలను ఆవిరి ఒత్తిడిలో ఉడికించే ప్రెషర్ కానర్ అనే పాత్రలో 90 నిమిషాలు. మరిగే నీళ్ల వేడి బొట్యులిజం అనే ప్రాణాంతక ఆహార విషాన్ని కలిగించే సూక్ష్మజీవి బీజాలను చంపలేదు, అందుకే ఆవిరి ఒత్తిడి. మన ఇళ్లలోని కుక్కరు దీనికి పనికిరాదు. దించిన సీసాలను బల్లమీద వరుసగా పెట్టి మేమిద్దరం మాట్లాడకుండా కూర్చున్నాం. చల్లారుతున్నకొద్దీ ఒక్కో మూత మధ్యభాగం లోపలికి పోతూ 'టక్' మంటుంది, అంటే మూత బిగిసినట్టు. ఏడు సీసాలకు ఆరే మోగాయి. ఏడోది ఆమె ఫ్రిజ్‌లో పెట్టించి, "రేపే వండుకోండి" అన్నారు. పప్పుచారు ఇలా దాచవచ్చా అని అడిగితే తల అడ్డంగా ఊపారు. పరీక్షించిన కొలత లేనిదాన్ని సీసాకెత్తకూడదట.

అందరిదీ ఒకే పద్ధతి కాదు. మాకు దగ్గర్లోని, నియమాల్లో మరింత కట్టుదిట్టంగా ఉండే స్వార్ట్‌జెంట్రూబర్ శాఖ ఆమిష్‌లు గ్యాసు ఫ్రిజ్ కూడా ఒప్పుకోరు. చలికాలంలో చెరువు మంచును కోసి రంపపు పొట్టులో దాచుకుంటారు.

2022 జూన్‌లో పెనుగాలికి ఈ చుట్టుపక్కల రోజుల తరబడి కరెంటు పోయింది. మా నీలి మంట మాత్రం ఆరలేదు. అవతలి వీధిలో పసిబిడ్డ ఉన్న ఇంటివాళ్లు పాలసీసాలు తెచ్చి మా పై అరలో పెట్టుకున్నారు. వాటికి చోటివ్వడానికి పెరుగు గిన్నెను నేలమాళిగలోకి దించాను.