నిమిషంలో లేచే టెంటు, మర్నాడు పొద్దున మడిచేటప్పుడు

ఇన్‌స్టంట్ టెంటు పెట్టె మీద "60 సెకన్లు" అని రాసి ఉంటే అది పూర్తి అబద్ధమేమీ కాదు. కాకపోతే ఆ లెక్క టెంటుని సంచిలోంచి తీసి నేల మీద పరిచాక మొదలై, కాళ్లు నిలబడగానే ఆగిపోతుంది. మేకులు కొట్టడం, పైన రెయిన్‌ఫ్లై, అంటే వాన ఆపే పై బట్ట, కప్పడం, తాళ్లు లాగి కట్టడం అందులో ఉండవు. అన్నీ కలిపితే కుటుంబానికి సరిపోయే ఇన్‌స్టంట్ టెంటు ఇద్దరు పెద్దవాళ్లకు పది పదిహేను నిమిషాల పని. పోల్స్ దూర్చి నిలబెట్టే మామూలు డోమ్ అయితే అరగంట. చీకటి పడుతూ, పిల్లలు కారులో నిద్రపోతూ ఉంటే ఆ మిగిలిన పావుగంట బంగారమే. అయితే టెంటు గుణం బయటపడేది వేసేటప్పుడు కాదు, మర్నాడు పొద్దున అడుగంతా మంచుతో తడిసి, ఖాళీ చేయాల్సిన వేళ దగ్గర పడుతున్నప్పుడు. కొనేముందు దుకాణంలో వేసి చూపించమని అడిగేవాళ్లే అందరూ. మడిచి సంచిలో పెట్టి చూపించమని అడగాలి.

ముందు మీ ప్రయాణాల తీరు తేల్చుకోండి. రోజుకో చోట మకాం మారుస్తూ పోయేవాళ్లకు వేయడం, తీయడం రెండూ ప్రతిరోజూ ఉంటాయి. వాళ్లకు తేలికగా మడతపడేదే కావాలి. ఒకే చోట మూడు నాలుగు రాత్రులు ఉండేవాళ్లకు అరగంట ఎక్కువ పట్టినా నష్టం లేదు, నిలబడి బట్టలు మార్చుకునేంత ఎత్తు, గాలివానకు తట్టుకునే కప్పు ముఖ్యం. ఏడాదికి ఒకటి రెండుసార్లే వెళ్లేవాళ్లు అసలు కొనకపోవడమే మేలు. చాలా క్యాంపుల్లో వేసి ఉంచిన టెంట్లు అద్దెకిస్తారు. అలాంటి దాంట్లో దిగితే సామాను దించకముందే మూడు చూడాలి: దోమతెర జిప్ చివరిదాకా పడుతోందా, నేల బట్ట మూలల్లో బూజు మరకలున్నాయా, లోపల గోడకి చెయ్యి రాస్తే జిగురుగా తగులుతోందా. జిగురుగా ఉంటే లోపలి నీళ్లాపే పూత కరిగిపోతోందన్నమాట. వాన పడితే ఆ టెంటు నీళ్లు ఆపదు. వేరేది ఇమ్మనండి.

త్వరగా లేచే టెంట్లలో నాలుగు రకాలున్నాయి. నాలుగింటి మడతలూ నాలుగు రకాలు.

మొదటిది పాప్-అప్. స్టీలు తీగో ఫైబర్‌గ్లాసో వంచి బట్టలో కుట్టేస్తారు. పట్టీ విప్పి విసిరితే దానంతటదే విచ్చుకుంటుంది. ఈ ఊహ కొత్తదేం కాదు, అమెరికాలో బిల్ మాస్ 1955లోనే పాప్ టెంట్ తెచ్చాడు. 2005లో డెకాథ్లాన్ వాళ్ల క్వెచువా 2 సెకండ్స్ వచ్చాక ఇది ఇంటింటి మాట అయింది. విసరడం రెండు సెకన్లే, మడవడమే ఎవరికీ రాదు. చేతకాదని బలం ఉపయోగిస్తే తీగ ఒక చోట శాశ్వతంగా వంగిపోతుంది, ఆ తర్వాత అది ఎన్నడూ గుండ్రంగా చుట్టుకోదు.

మడత ఇలా. మేకులన్నీ తీసి, తలుపు జిప్ ఒక జానెడు తెరిచి ఉంచండి, లోపలి గాలి పోవాలి. వలయాలన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చేలా నొక్కి, పొడవాటి కోడిగుడ్డు ఆకారంలో చదునుగా చేసి పట్టీ బిగించండి. దాన్ని సన్నపు కొన మీద నిలబెట్టి, కింద పాదంతో ఆనించి, పై కొనను ముందుకి వంచుతూ నేలదాకా తీసుకురండి. ఇక్కడే చాలామంది చేతులతో మెలిపెడతారు. మెలిపెట్టక్కర్లేదు. పై కొన కిందికి వస్తుంటే రెండు పక్కలా రెండు సున్నాలు వాటంతటవే పొడుచుకొస్తాయి, ఎనిమిది అంకెలా. ఒక సున్నాను రెండోదాని కిందికి జరిపితే మొత్తం ఒకే చక్రం అవుతుంది. రెండో పట్టీ వేసేదాకా చెయ్యి వదలొద్దు. వదిలితే అది మొహానికి తగిలేంత జోరుగా విచ్చుకుంటుంది. పక్కన పిల్లలుంటే దూరం పంపండి. తర్వాత వచ్చిన 2 సెకండ్స్ ఈజీలో తాళ్లు లాగితే లేచి, బొత్తాం నొక్కితే కూలేలా మార్చారంటే, మడత తంటా తయారీదారుకీ అర్థమయిందనే. ఏమైనా పాప్-అప్‌లో నిలబడలేం, చక్రం దాదాపు 90 సెంటీమీటర్ల వెడల్పుంటుంది, ఇద్దరికో ముగ్గురికో ఒక రాత్రికి పరవాలేదు. నలుగురి కుటుంబం నెలనెలా వెళ్లడానికి ఇది సరిపోదని నా అభిప్రాయం.

రెండోది కాళ్లు సాగే క్యాబిన్ టెంటు. పోల్స్ ముందే బిగించి ఉంటాయి, మధ్యలో అవన్నీ కలిసే ప్లాస్టిక్ హబ్ ఉంటుంది, కాళ్లు టెలిస్కోప్‌లా సాగి స్ప్రింగ్ బొత్తాం "టక్" మని పడితే ఆగుతాయి. కుటుంబాలకు ఎక్కువగా నప్పేది ఇదే. గోడలు నిటారుగా ఉంటాయి, లోపల జాగా బాగా వస్తుంది. పాడయ్యేది మాత్రం ఎక్కువగా ఒకే చోట, మూలల్లో మోచేతుల్లా వంగే ప్లాస్టిక్ కీళ్ల దగ్గర. ఒక కాలిని పూర్తిగా పైకి లాగేసి మిగతావి మడిచే ఉంచితే బరువంతా ఆ కీలు మీద పడి అది చీలుతుంది. నాలుగు మూలలూ ముందు బాగా విప్పి, నేల బట్ట ముడతలు పోయేలా లాగి, తర్వాత ఒక్కో కాలిని కొంచెం కొంచెంగా, ఎదురెదురు మూలలు వరసగా లేపాలి. ఇసుక రేణువు చేరితే బొత్తాం లోపలికి పోయి బయటికి రాదు. దానికి నూనె రాసేవాళ్లున్నారు; నూనె ఇంకా ఎక్కువ ఇసుకను పట్టుకుంటుంది. తడిగుడ్డతో తుడిచి, ఆరాక పొడిగా ఆరిపోయే సిలికాన్ స్ప్రే కొడితే చాలు. ఈ టెంట్లు సుమారు 11 నుంచి 15 కిలోలుంటాయి, మడిస్తే 120 సెంటీమీటర్ల దాకా పొడవొస్తుంది. కొనేముందు టేపు పట్టుకుని కారు డిక్కీ కొలవండి. ఐమూలగా పెడితే పట్టడం వేరు, దాంతోపాటు మిగతా సామాను కూడా పట్టడం వేరు.

మూడోది ప్రతి గోడకీ, కప్పుకీ మధ్యలో ఒక్కో హబ్ ఉన్నది. పట్టీ పట్టుకుని బయటికి లాగితే గోడ "డబ్" మని ఉబ్బుతుంది. గెజెల్ కంపెనీ టీ4 టెంటు ఈ రకమే. లేపడం, కూల్చడం రెండూ నిజంగా తేలికైనది ఇదొక్కటే: హబ్‌ని లోపలికి తోస్తే గోడ పడిపోతుంది, తడిగా ఉన్నా సరే. దీని చిక్కల్లా పొడవే. మడిస్తే టీ4 సుమారు 170 సెంటీమీటర్లు, 13 కిలోల పైచిలుకు. చిన్న కారుకి కప్పు మీద క్యారియర్ ఉంటేనే ఆలోచించండి.

నాలుగోది గాలి నింపే టెంటు. పోల్స్ బదులు గాలి గొట్టాలుంటాయి, పంపుతో ఐదు పది నిమిషాల్లో లేస్తుంది. ఒక్కడే వేయగలడు, విరిగేది ఏమీ లేదు, గాలికి వంగి మళ్లీ నిలబడుతుంది. బరువు మాత్రం 15 నుంచి 25 కిలోలు. ఎంత ఒత్తిడి నింపాలో వాల్వ్ దగ్గరే రాసి ఉంటుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో గాలి వ్యాకోచిస్తుంది కనుక కొంచెం వదలాలి, రాత్రి చల్లబడ్డాక మెత్తబడితే నాలుగు దెబ్బలు పంపు కొట్టాలి. గొట్టం మెత్తబడుతూనే ఉంటే ముందు వాల్వ్ మీద సబ్బునీళ్లు పోసి బుడగలు చూడండి. చాలాసార్లు చిల్లు ఉండదు, వాల్వ్ మర సరిగ్గా బిగిసి ఉండదు. మడిచేటప్పుడు అన్ని వాల్వ్‌లూ తెరిచి, వాల్వ్‌లకు ఎదురు కొస నుంచి వాటివైపు చుట్టాలి. అటునుంచి ఇటు చుడితే గాలి లోపలే చిక్కి సంచి మూతపడదు.

పెట్టె మీద "6 మందికి" అని ఉంటుంది. ఆ లెక్క మనిషికి 50, 60 సెంటీమీటర్లు ఇచ్చి, పక్కపక్కన సర్దితే వచ్చేది. సామానుకి, నడకకి జాగా లేదు. ఆరుగురి క్యాబిన్ టెంటు నేల సాధారణంగా 10 అడుగులు, 9 అడుగులు, అంటే 305, 275 సెంటీమీటర్లు. రెండు క్వీన్ సైజు ఎయిర్ బెడ్లు వేస్తే వెడల్పు 304 అయిపోతుంది, కాళ్ల దగ్గర 70 సెంటీమీటర్లు మిగులుతుంది. చెప్పులు, బ్యాగులు, రాత్రి లేచేవాళ్లు అంతా అందులోనే. పైగా పరుపు గోడకి ఆనితే గోడ మీది చెమ్మ దుప్పటికి ఎక్కుతుంది. నలుగురికి ఆరుగురి టెంటు, ఐదుగురికి ఎనిమిది మంది టెంటు అనుకుంటే పొరపాటు ఉండదు.

వాన సంగతికొస్తే, బట్ట ఎంత నీటి ఒత్తిడి తట్టుకుంటుందో మిల్లీమీటర్లలో రాస్తారు. పైకప్పుకి 2000 నుంచి 3000 ఉంటే కుండపోతకీ చాలు. నేలకి 5000 అయినా ఉండాలి, ఎందుకంటే మోకాలు ఆనించినప్పుడు తడి నేల మీద పడే ఒత్తిడి వాన చినుకు కంటే చాలా ఎక్కువ. అయితే టెంటు కారేది చాలావరకు బట్టలోంచి కాదు, కుట్లలోంచి. కుట్ల మీద లోపలివైపు టేపు వేశారో లేదో, రెయిన్‌ఫ్లై ఎక్కడిదాకా దిగుతుందో చూడండి. ఇన్‌స్టంట్ టెంట్ల అసలు లోపం ఇక్కడే ఉంది. చాలావాటికి ఫ్లై కిటికీల పైదాకే వస్తుంది, కొన్నింటికి విడిగా కొనాలి. నిటారుగా పడే వానకు ఫరవాలేదు, గాలికి అడ్డంగా కొట్టే వాన గోడ కుట్ల మీద పడి సన్నగా లోపలికి దిగుతుంది. వానాకాలంలో కూడా వెళ్లేవాళ్లయితే నేలదాకా దిగే ఫ్లై ఉన్నదే తీసుకోండి, ఐదు నిమిషాలు ఎక్కువ పడితే పడనివ్వండి.

నేల కింద పరిచే షీటు టెంటు అడుగుకన్నా ప్రతివైపూ 5 సెంటీమీటర్లు చిన్నదిగా ఉండాలి. పెద్దదైతే బాగా కాపాడుతుందనుకుని బయటికి పరిచి పెడతారు. కప్పు మీంచి జారిన నీరంతా ఆ అంచు మీద పడి, షీటుకీ టెంటుకీ మధ్య చేరి, రాత్రంతా మీరు చెరువు మీద పడుకున్నట్టే.

పొద్దున లేచేసరికి లోపలంతా తడిగా ఉంటే కారిందని కంగారు పడకండి. నలుగురు నిద్రలో వదిలే ఊపిరి, చెమట కలిపి లీటరుకు దగ్గరగా నీరు. అది చల్లటి బట్టకు తగిలి చెమరుస్తుంది. చలిగా ఉందని కిటికీలన్నీ మూసేస్తే ఇంకా ఎక్కువ. కింద ఒక గాలి రంధ్రం, పైన ఒకటి తెరిచి ఉంచితే గాలి ఆడుతుంది. ఒక్క పొర టెంట్లలో ఇది తప్పదు; నెట్ లోపొర, బయట ఫ్లై ఉన్న రెండు పొరల టెంటులో చెమ్మ ఫ్లై మీదే ఆగిపోతుంది. చలి కాచుకోవడానికి స్టవ్వో బొగ్గుల కుంపటో లోపలికి తేవడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

క్యాంపు చోటు ఖరారు చేసుకునేటప్పుడు స్నానాల గదుల గురించి అందరూ అడుగుతారు. టెంటు గురించి అడగాల్సినవి వేరే ఉన్నాయి. టెంటు వేసే జాగా కొలత ఎంత? కొన్నిచోట్ల 12 అడుగుల చదరం గట్టు ఇస్తారు, దాని మీద 10 అడుగుల క్యాబిన్ పడుతుంది కానీ తాళ్లు లాగడానికి ఒక్కో వైపు అడుగో అడుగున్నరో మించి ఉండదు. నేల మట్టా, కంకరా, చెక్క వేదికా? చెక్క మీద మేకులు దిగవు, వేదికకు కొక్కేలున్నాయేమో అడిగి అదనంగా తాళ్లు తీసుకెళ్లాలి. మేకుల్లేకుండా నిలబడలేని టెంటు అక్కడ పనికిరాదు. కారు టెంటు పక్కదాకా వస్తుందా? 15 కిలోల పొడవాటి సంచి కారు నుంచి పది అడుగులు మోయడం వేరు, 300 మీటర్లు మోయడం వేరు. కరెంటు పాయింటు ఇస్తామంటే టెంటుకి తీగ దూర్చే జిప్ రంధ్రం ఉందో లేదో చూసుకోండి, లేకపోతే తలుపు కింద నుంచి తీగ లాగి దోమలకు దారి ఇచ్చినట్టే.

టెంటుతో వచ్చే సన్న మేకులు గట్టి నేలలో మొదటి దెబ్బకే వంగుతాయి. వాటిని పక్కన పెట్టి, గట్టి నేలకి లావుపాటి స్టీలు మేకులు, మెత్తటి నేలకి 25 నుంచి 30 సెంటీమీటర్ల వీ ఆకారం మేకులు విడిగా కొనండి. ఇసుకలో ఏ మేకూ నిలవదు. సంచిలో ఇసుక నింపి, తాడు కట్టి, ఒక అడుగు లోతున పాతిపెట్టి పైన తొక్కితే ఆగుతుంది. గాలి వచ్చే దిక్కుకి టెంటు సన్నపు వైపు పెట్టండి. నిటారు గోడల క్యాబిన్ తెరచాపలా గాలి పట్టేస్తుంది. తాళ్లు కట్టకుండా వదిలిన ఇన్‌స్టంట్ టెంటు హబ్ ఒక్క రాత్రి గాలికి విరగడం మామూలే. ఉరుములు మెరుపులు మొదలైతే ఏ టెంటూ రక్షణ కాదు, కారులోకి వెళ్లి అద్దాలు ఎక్కించుకోండి.

కొన్నాక మొదటిసారి వేయడం ఇంటి దగ్గర, పగటి వెలుతురులో. వేసి, గొట్టంతో పది నిమిషాలు నీళ్లు కొట్టి, లోపల పొడి గుడ్డతో కుట్ల వెంట తడుముతూ రండి. తడి తగిలిన చోట పాలియురెథేన్ పూత బట్టకి యురెథేన్ సీలరు, సిలికాన్ పూత బట్టకి సిలికాన్ సీలరు రాయాలి. అటుదిటు రాస్తే పొరలా ఊడొస్తుంది. ఒక రోజంతా ఆరనివ్వండి. సంచిలో ఎప్పుడూ ఉండాల్సినవి: పోలు చీలితే తొడగడానికి ఒక లోహపు గొట్టం ముక్క, అతికించే రిపేరు టేపు, నాలుగు అదనపు మేకులు, పది మీటర్ల తాడు, మట్టి ఊడ్చడానికి చిన్న చీపురు.

తడి టెంటుని మడవక తప్పని రోజు ఉంటుంది. అప్పుడు అసలు సంచిలో కుక్కకండి. ఫ్లైని విడిగా ఒక ప్లాస్టిక్ సంచిలో, లోపలి టెంటుని వేరే సంచిలో వదులుగా వేసి తీసుకొచ్చి, ఆ రాత్రికో మర్నాటికో ఎక్కడో ఒకచోట పరచాలి. తడిగా రెండు మూడు రోజులు ఉంటే బూజు, తడితోపాటు వేడి ఉన్న చోట నెలలు ఉంటే పూత జిగురు. కప్పు, గోడలు గంటలో ఆరిపోతాయి. నేల బట్ట మూలల్లో, కుట్టు మడతల్లో, జిప్ పట్టీ కింద తడి మిగులుతుంది. వేలు పెట్టి చూసి, అక్కడా పొడిగా తగిలాకే సంచిలో పెట్టండి.