పూత జన్యువుల వేట: రెండే రకాల సంకరమా, వందల రకాల సర్వేనా?

ఒక మొక్క ముందే పూస్తుంది, అదే జాతిది మరొకటి ఆలస్యం చేస్తుంది. కారణమైన జన్యువును పట్టడానికి రెండు దారులున్నాయి.

మొదటిది పాత దారి. రెండు రకాలను సంకరం చేసి, వాటి మనవల తరంలో పూత తేదీనీ క్రోమోజోమ్ ముక్కలనూ పోల్చి చూడటం. జపాన్‌లో మసాహిరో యానో బృందం నిప్పన్‌బారే, కాసలత్ వరి రకాలను కలిపి, ఈనే సమయాన్ని నడిపించే హెచ్‌డీ1 జన్యువును 2000లో ఇలాగే బయటపెట్టింది. జవాబు నమ్మకంగా ఉంటుంది. కానీ ఆ ఇద్దరు తల్లిదండ్రుల్లో లేని తేడా ఎంత వెతికినా దొరకదు. పైగా మొదట దొరికేది జన్యువు కాదు, వందల జన్యువులున్న పెద్ద ముక్క. దాన్ని కుదించడానికే ఏళ్లు పడుతుంది.

రెండోది జీవాస్ (GWAS): వందల రకాల డీఎన్‌ఏ మొత్తాన్నీ జల్లెడ పట్టి, ఏ డీఎన్‌ఏ గుర్తులు పూత తేదీతో కలిసి కనిపిస్తాయో చూడటం. సంకరం అక్కర్లేదు, ప్రకృతిలో ఉన్న రకాలనే తీసుకుంటారు. అరబిడాప్సిస్ అనే చిన్న ప్రయోగశాల మొక్కపై 2010లో వచ్చిన అధ్యయనం దాదాపు 200 రకాలతో 107 లక్షణాలను చూసింది. వేగం, సూక్ష్మత రెండూ ఉన్నాయి. చిక్కల్లా బంధుత్వమే: ఉత్తర స్వీడన్ రకాలు ఆలస్యంగా పూస్తే, పూతతో సంబంధం లేని వాటి ఉమ్మడి గుర్తులన్నీ దోషుల్లా కనిపిస్తాయి. దాన్ని గణాంకాలతో సరిదిద్దబోతే ఒక్కోసారి అసలు జన్యువే మరుగున పడుతుంది. అరబిడాప్సిస్‌లో పూతను ఆలస్యం చేసే ఫ్రిజిడా జన్యువుదైతే ఇంకో తలనొప్పి. అది వేర్వేరు చోట్ల వేర్వేరుగా చెడింది కాబట్టి, ఏ ఒక్క డీఎన్‌ఏ గుర్తూ (మార్కర్) దాన్ని పూర్తిగా పట్టివ్వదు.

డబ్బుంటే మొక్కజొన్నవాళ్ల పద్ధతి మేలు. 2009లో 25 సంకర కుటుంబాలు, వాటి నుంచి వచ్చిన దాదాపు 5,000 వంశాలతో రెండు దారులనూ కలిపేశారు. లేదంటే జీవాస్‌తో అనుమానితులను ఏరి, సంకరంతో ఖరారు చేసుకోవడమే నయం.